విశాఖలో పర్యావరణహిత భవనాల ఆర్కిటెక్ట్‌గా స్థిరపడడానికి ఒక మార్గదర్శిని

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న వీధుల్లో నడుస్తూ తలెత్తి చూస్తే, కట్టి పాతికేళ్లయినా నిండని అపార్ట్‌మెంట్ల బాల్కనీల అడుగున పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఊచలు బయటపడి ఉండడం తరచుగా కనిపిస్తుంది. అటువంటి భవనం పైకప్పు మీద సోలార్ పలకలు ఉన్నా, మెట్ల దగ్గర ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతున్నా, అది పర్యావరణానికి మేలు చేసిన భవనం కాదు. ఎందుకంటే దానిలో వాడిన సిమెంటు, ఇనుము, ఇసుక అన్నీ ఒక తరం గడవకముందే శిథిలాల కుప్పగా మారబోతున్నాయి, దాని స్థానంలో మళ్లీ అంత సామగ్రీ రావలసి ఉంటుంది. ప్రపంచమంతటా వెలువడే కార్బన్ డయాక్సైడులో దాదాపు ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోందని గుర్తుంచుకుంటే, కట్టిన భవనాన్ని ఎక్కువ కాలం నిలబెట్టడమే ఈ నగరంలో ఆర్కిటెక్ట్ చేయగలిగిన అతిపెద్ద పర్యావరణ సేవ అని అర్థమవుతుంది. ఈ వృత్తిలోకి రావాలనుకునే విద్యార్థులకూ, ఇప్పటికే చదువు పూర్తిచేసి దారి వెతుక్కుంటున్నవారికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఆ దృష్టితోనే ఈ వివరాలు రాస్తున్నాను.

చదువు, రిజిస్ట్రేషన్

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివినవారు, లేదా గణితం ఒక పాఠ్యాంశంగా మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసినవారు బీ.ఆర్క్ కోర్సుకు వెళ్లవచ్చు. ప్రవేశానికి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిర్వహించే నాటా పరీక్ష గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ కోసం ప్రత్యేకంగా పెట్టే రెండో పేపరు గానీ రాయాలి. ఎన్ఐటీలు, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి కేంద్ర సంస్థలకు జేఈఈ దారి. విశాఖలోనే చదవాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది, గీతంలోనూ ఆర్కిటెక్చర్ స్కూలు ఉంది. కోర్సు ఐదేళ్లు, అందులో ఒక సెమిస్టరు ఏదైనా సంస్థలో శిక్షణగా పనిచేయాలి. డిగ్రీ చేతికి వచ్చిన తర్వాత, 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటేనే ‘ఆర్కిటెక్ట్’ అని రాసుకునే హక్కు వస్తుంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ సివిల్ ఇంజినీరింగునూ ఆర్కిటెక్చర్‌నూ ఒకటిగానే చూస్తారు, ‘ప్లాను గీసేవాడు’ అన్న మాటతో సరిపెడతారు. స్తంభం ఎంత బరువు మోయాలో లెక్క కట్టేది ఇంజినీరు; ఆ స్తంభం ఎక్కడ ఉండాలి, గదిలోకి గాలి ఎటునుంచి రావాలి, మనిషి ఎక్కడ కూర్చుంటే వెలుతురు పుస్తకం మీద పడుతుంది అన్నవి నిర్ణయించేది ఆర్కిటెక్ట్. భవనం జీవితకాలమంతా ఎంత కరెంటు తాగుతుందన్నది చాలావరకు ఈ తొలి నిర్ణయాల్లోనే తేలిపోతుంది కనుక, పర్యావరణ దృష్టి ఉన్న విద్యార్థికి ఈ చదువు సరైన చోటు. కాలేజీని ఎంచుకునేటప్పుడు భవనాల ఫొటోలు, ప్లేస్‌మెంట్ ప్రకటనలు చూసి ఆగకుండా, విద్యార్థులను నిర్మాణ స్థలాలకు ఎంత తరచుగా తీసుకువెళతారో, ఇటుక పేర్చడం, కాంక్రీటు కలపడం వంటివి చేతులతో చేయిస్తారో లేదో సీనియర్లను అడిగి తెలుసుకోవడం మంచిది.

మొదట నేర్చుకోవలసింది ఈ ఊరి ఎండ

కాలేజీలో ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్పినా, సూర్యుడి గమనాన్ని కాగితం మీద, పెన్సిలుతో లెక్క కట్టడం మీకు వచ్చి తీరాలి. విశాఖ ఉత్తర అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. అంటే డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మార్చి, సెప్టెంబరు నెలల 21వ తేదీ ప్రాంతంలో 72 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపుకే ఒరిగి ఉంటాడు. దక్షిణ గోడకు ఉన్న కిటికీ పైన 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ వేశారనుకోండి. డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ సుమారు 69 సెంటీమీటర్ల కిందికి దిగుతుంది, కనుక కిటికీ కింది సగంలోంచి చలికాలపు వెచ్చటి ఎండ గదిలోకి వస్తుంది. మార్చి నెలాఖరుకు అదే నీడ 180 సెంటీమీటర్లు దాటి కిటికీనంతా కప్పేస్తుంది. దక్షిణాన ఆ ఒక్క సన్‌షేడ్ చాలు.

పడమటి గోడ దగ్గర ఇదే లెక్క తలకిందులవుతుంది. జూన్‌లో, సూర్యుడు సరిగ్గా నడిమధ్యకు వచ్చే వేళను పన్నెండుగా లెక్కిస్తే, సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 34 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, అదే 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ దాదాపు 40 సెంటీమీటర్లకు మించి నీడనివ్వదు, మిగతా కిటికీ అంతా ఎండే. అయినా మన నగరంలో నాలుగు వైపులా ఒకే కొలతతో సన్‌షేడ్లు పోస్తూనే ఉన్నారు. పడమర వైపు మెట్లు, స్నానాల గదులు, స్టోరు గది పెట్టడమో, కిటికీలకు నిలువు పలకలు అమర్చడమో, లోతైన వరండా ఇవ్వడమో చేయాలి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: వేసవిలో సూర్యుడు నిఖార్సయిన పడమరన అస్తమించడు, దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. అందువల్ల ‘ఉత్తరం చల్లన’ అని నమ్మి పెట్టిన పెద్ద అద్దాల కిటికీలోకి మే, జూన్ సాయంత్రాల్లో ఎండ ఏటవాలుగా దూరుతుంది. దానికి కిటికీ పడమటి అంచున ఒక నిలువు పలక సరిపోతుంది. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, తెలిస్తే చాలు.

గాలి, ఉక్కపోత

భారత భవన నియమావళి దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించింది. విశాఖ ‘వెచ్చని, తేమగల’ మండలంలోకి వస్తుంది. రాజస్థాన్ వంటి పొడి ఎండల ప్రాంతంలో మందపు గోడలు, చిన్న కిటికీలు పనిచేస్తాయి. ఇక్కడ ఒంటిమీద చెమట ఆరడమే సుఖం కనుక, కదిలే గాలే మనకు ముఖ్యం. నివాస భవనాల కోసం 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ ఈ మండలంలో తెరుచుకునే కిటికీల విస్తీర్ణం ఇంటి కార్పెట్ ఏరియాలో (గోడల లోపల వాడుకోగలిగిన నేల విస్తీర్ణంలో) కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని చెబుతుంది.

ఈ ఆరో వంతును ఒక గదికి అన్వయించి చూడండి. పది అడుగులకు పన్నెండు అడుగుల పడక గది 120 చదరపు అడుగులు. తెరుచుకునే భాగం 20 చదరపు అడుగులు కావాలి. బిల్డరు నాలుగడుగులకు ఐదడుగుల కిటికీ పెట్టి లెక్క సరిపోయిందంటాడు. కానీ అది రెండు పట్టాల స్లైడింగ్ కిటికీ అయితే ఒక రెక్క ఎప్పుడూ ఇంకో రెక్క వెనకే ఉంటుంది కాబట్టి, గాలికి దక్కేది పది చదరపు అడుగులే. దానికి దోమతెర బిగిస్తే గాలి ఇంకా మందగిస్తుంది. అదే స్థలంలో బయటికి తెరుచుకునే రెక్కల కిటికీ పెడితే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. పాత ఇళ్లలో మన తాతలు పెట్టించిన నాలుగు రెక్కల చెక్క కిటికీ ఈ విషయంలో నేటి అల్యూమినియం స్లైడింగ్ కంటే ఎంతో మెరుగు. గాలి లోపలికి రావడం ఒక్కటే చాలదు, బయటికి పోవడానికి ఎదురుగానో పక్క గోడకో మరో దారి ఉండాలి; ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టి ‘వెంటిలేషన్’ అనుకోవడం పొరపాటు. మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు నుంచి వచ్చే చల్లగాలికి ప్రహరీ గోడ, పక్క భవనం ఎక్కడ అడ్డం పడుతున్నాయో స్థలంలో నిలబడి చూసిన తర్వాతే ప్లాను మొదలుపెట్టండి.

సాఫ్ట్‌వేర్ సాయమూ కావాలి. అమెరికా ఇంధన శాఖ ఉచితంగా అందించే ఎనర్జీప్లస్, దాని ఆధారంగా పనిచేసే డిజైన్‌బిల్డర్, త్రీడీ నమూనాలు గీసే రైనోతో కలిసి నడిచే లేడీబగ్ వంటివాటిలో విశాఖ వాతావరణ ఫైలును ఎక్కించి, ఏ గోడ నుంచి ఎంత వేడి లోపలికి వస్తోందో చూడవచ్చు. అయితే చేతిలెక్కతో వచ్చిన అంచనా లేకుండా తెర మీది రంగుల బొమ్మను నమ్మవద్దు; ఎక్కడో ఒక అంకె తప్పు పడితే ఆ బొమ్మ అంతే నమ్మకంగా తప్పు చూపిస్తుంది.

ఉప్పుగాలి, తుపాను

ఈ నగరంలో పనిచేసే ఆర్కిటెక్ట్‌కు కాంక్రీటు గురించి ఇంజినీరు చూసుకుంటాడులే అనుకునే వెసులుబాటు లేదు. కాంక్రీటు నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 456 తీర ప్రాంతాన్ని ‘తీవ్ర’ పరిస్థితిగా పరిగణించి, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటునూ, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరునూ (ఊచకూ కాంక్రీటు పై ముఖానికీ మధ్య ఉండే మందాన్నీ) కోరుతుంది. సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట అవి ఎం35కూ, 50 మిల్లీమీటర్లకూ పెరుగుతాయి. కాగితం మీద రాసిన ఆ 45 మిల్లీమీటర్లు స్థలంలో ఎలా కరిగిపోతాయో చూడాలంటే, స్లాబు పోసే రోజు తెల్లవారుజామున సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా మోసే చెక్క అచ్చు) మీదికి ఎక్కి చూడండి. ఊచల కింద సిమెంటు కవర్ బ్లాకులకు బదులు చేతికి దొరికిన కంకర రాయి పెడతారు, కాంక్రీటు మోసేవాళ్లు ఊచల మీద నడిచేసరికి ఆ రాయి పక్కకు జారిపోతుంది, ఊచ చెక్క మీద ఆనిపోతుంది. పైకి నున్నగా కనిపించే ఆ స్లాబు అడుగున కవరు పదిహేను మిల్లీమీటర్లే ఉంటే, ఉప్పు ఊచను చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. ఊరంతా కనిపించే ఆ ఊడిన పెచ్చుల మూలం చాలాసార్లు ఇదే. కాబట్టి కవర్ బ్లాకులను ముందే అచ్చు పోయించి, ఎండబెట్టి, లెక్కబెట్టి ఇవ్వాలి. కాంక్రీటు పడేముందు టేపుతో కొలవాలి. తాపీ మేస్త్రితో తగవు పడకుండా, ‘ఈ నలభై అయిదూ ఉంటేనే మీరు కట్టిన ఇల్లు మీ మనవడి దాకా నిలబడుతుంది మేస్త్రి గారూ’ అని చెప్పి, ఆయనను మీ పక్షానికి తెచ్చుకోవడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవలసిన విద్యే.

సామగ్రి విషయంలో విశాఖకు ఒక అనుకూలత ఉంది. ఉక్కు కర్మాగారంలో ఇనుము తీయగా మిగిలే స్లాగు, పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాల్చగా వచ్చే బూడిద ఫ్లై యాష్ మన ముంగిట్లోనే దొరుకుతాయి. స్లాగు కలిసిన సిమెంటు వాడితే క్లింకర్ (సున్నపురాయిని కాల్చి తయారుచేసే, సిమెంటుకు మూలమైన పదార్థం) తగ్గి కర్బన ఉద్గారాలు తగ్గుతాయి, పైగా ఉప్పు లోపలికి చొరబడడాన్ని మామూలు సిమెంటు కంటే బాగా అడ్డుకుంటుంది. భూమికీ భవనానికీ ఒకే మందు పనిచేసే అరుదైన సందర్భమిది. అయితే ఇటువంటి సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక, ఐఎస్ 456 చెప్పినట్టు కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు రోజులు నీళ్లు పట్టాలి. మూడో రోజే పైపు చుట్టేసే అలవాటున్న చోట ఈ లాభమంతా పోతుంది.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ నగర నిర్మాణానికి పెట్టిన పరీక్షను ఇక్కడి ఆర్కిటెక్టులు ఎన్నటికీ మరచిపోకూడదు. గాలి భారాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను నిర్దేశిస్తుంది. ఆ రోజు వీచిన గాలి దాదాపు ఆ స్థాయిదే. విమానాశ్రయ టెర్మినల్ సైతం దెబ్బతింది, నగరంలో లెక్కలేనన్ని చెట్లు కూలిపోయాయి. స్తంభాలూ దూలాలూ నిలబడినా అద్దాలు, ఫాల్స్ సీలింగులు, గోడలకు తొడిగిన పలకలు, పైకప్పు రేకులు ఎగిరిపోయాయంటే, నష్టంలో పెద్ద భాగం ఆర్కిటెక్ట్ ఎంపికల పరిధిలోదేనని గ్రహించాలి. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో మత్స్యకారులు కట్టుకున్న చుట్టిళ్లు గుండ్రటి గోడతో, నేల దాకా దిగిన కప్పుతో గాలిని తప్పించుకునేవి. ఆ జ్ఞానం మీకు ఆకారాన్ని ఎంచుకునేటప్పుడు పనికి వస్తుంది. పెద్ద అద్దపు గోడ కంటే చిన్న చిన్న కిటికీలు, అతికించిన పలకల కంటే సున్నమో రంగో పూసిన గోడ ఇక్కడ ఎక్కువ కాలం నిలుస్తాయి.

నేల, నీరు

విశాఖ కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు, కొండ మీద కురిసిన వాన గెడ్డల (వాన నీరు పారే వాగుల) గుండానే కడలికి చేరాలి. స్థలం చూడడానికి వెళ్లినప్పుడు పక్కన కనిపించే మురుగు కాలువ ఒకప్పటి గెడ్డ కావచ్చు. పాత సర్వే పటాలు, చుట్టుపక్కల పెద్దవాళ్లు ఆ సంగతి చెబుతారు. తీరానికి దగ్గరి స్థలమైతే తీర ప్రాంత నియంత్రణ మండలం నిబంధనలను ప్లాను గీయడానికి ముందే చూడాలి. ఒక ఇంటి మీద 100 చదరపు మీటర్ల కప్పు ఉంటే, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడే ఈ ఊరిలో, కొంత వృథా పోయినా 80 వేల లీటర్ల నీరు దొరుకుతుంది. అనుమతి కోసం కాగితం మీద చూపి, తర్వాత మట్టితో పూడ్చే ఇంకుడు గుంత కాకుండా, పూడిక తీయడానికి మూత, ముందు వడపోత గది ఉన్న గుంతను గీయండి. తీరం పక్కన భూగర్భంలోకి ఉప్పునీరు చొరబడకుండా ఆపగలిగేది ఇలా ఇంకిన మంచినీరే.

సర్టిఫికెట్ల స్థానం

హైదరాబాదు కేంద్రంగా 2001లో ఏర్పడిన ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ఇచ్చే రేటింగులు, టెరి సంస్థ రూపొందించిన ‘గృహ’ (GRIHA) అనే రేటింగు, అమెరికా నుంచి వచ్చిన లీడ్ (LEED) రేటింగు మన దేశంలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వీటికి సంబంధించిన వృత్తి నిపుణుల పరీక్షలను చివరి ఏడాదిలో గానీ ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో గానీ రాసి ఉంచుకుంటే పెద్ద సంస్థల్లో తలుపులు తెరుచుకుంటాయి. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీని ఆంధ్రప్రదేశ్ 2014లో తన అవసరాలకు తగ్గట్టు మార్చి స్వీకరించింది, కాబట్టి దాన్ని చదవడం మీ ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాదు. రేటింగు పాయింట్ల పట్టిక ఏమీ మరిచిపోకుండా చూసుకునే జాబితాగా బాగా ఉపయోగపడుతుంది. డిజైన్‌ను మాత్రం ఆ పట్టికతో మొదలుపెట్టకూడదు. పడమటి వైపంతా అద్దం పెట్టి, ఆ వేడిని తట్టుకునే ఖరీదైన అద్దం కొని, దానికి పాయింట్లు సంపాదించడం కంటే అక్కడ గోడ కట్టడమే ఉత్తమం.

ఈ విద్యలో లోతుకు వెళ్లాలనుకునేవారికి విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో సుస్థిర ఆర్కిటెక్చర్‌లో ఎం.ఆర్క్ ఉంది. చదువుకు తోడు యాత్ర కూడా అవసరం. 2003లో అమెరికా వెలుపల తొలి లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన హైదరాబాదులోని గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను, తిరువనంతపురంలో లారీ బేకర్ ఇటుకలతో కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణాన్ని చూసి రండి. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ఆయన గోడల పద్ధతిలో దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని కూడా అడ్డుకుంటుంది.

తొలి ఉద్యోగం, తర్వాత సొంత ప్రాక్టీసు

తొలి ఏళ్లలో జీతం తక్కువగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రంగంలోని స్నేహితులతో పోల్చుకుంటే మనసు కష్టపడుతుంది, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోవడం మంచిది. సంస్థను ఎంచుకునేటప్పుడు కంప్యూటరు ముందు త్రీడీ బొమ్మలు మాత్రమే చేయించేదాని కంటే, వారంలో కొన్ని రోజులైనా నిర్మాణ స్థలానికి పంపే చిన్న ఆఫీసు మేలు. పునాది తవ్వకం నుంచి ఇంటివాళ్లు పాలు పొంగించే రోజు దాకా కనీసం ఒక భవనాన్ని పూర్తిగా చూడకుండా సొంత బోర్డు కట్టవద్దు.

క్లయింటుతో మాట్లాడేటప్పుడు ‘గ్రీన్’ అన్న మాటతో మొదలుపెడితే ‘చదరపు అడుగుకి ఎంత పెరుగుతుందండీ?’ అన్న ప్రశ్నే ఎదురవుతుంది. ఖర్చు లేనివి ముందు చెప్పండి: గదుల అమరిక, కిటికీల చోటు, సన్‌షేడ్ కొలతలు. తర్వాత కొద్ది ఖర్చుతో అయ్యేవి: కవర్ బ్లాకులు, స్లాగు సిమెంటు, కప్పు మీద తెల్లటి పూత. ఏసీ మీద ఆధారపడే గంటలు తగ్గితే నెల కరెంటు బిల్లులో ఎంత తేడా వస్తుందో వాళ్ల పాత బిల్లు ముందు పెట్టుకునే లెక్క కట్టి చూపండి. వాస్తు అడిగితే చిన్నబుచ్చవద్దు. తూర్పు వాకిలి, ఈశాన్యంలో ఖాళీ అన్నవి సముద్రం తూర్పు, ఆగ్నేయాల వైపు ఉన్న ఈ ఊరిలో గాలికీ వెలుతురుకూ చాలాసార్లు అనుకూలిస్తాయి. అనుకూలించని చోట మర్యాదగా కారణం చెబితే ఎక్కువమంది వింటారు.

టైల్స్, రంగులు, కిటికీలు అమ్మేవాళ్లు కమీషన్ ఇస్తామని వస్తారు. 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమాలు దాన్ని స్పష్టంగా నిషేధించాయి. ఆ డబ్బు తీసుకున్న క్షణం నుంచి మీరు చెప్పే ప్రతి సామగ్రి సలహా మీద క్లయింటుకు అనుమానం మొదలవుతుంది, కనుక ఫీజును గౌరవంగా అడిగి తీసుకోండి, మరేమీ తీసుకోవద్దు. కొత్త కట్టడాలతో పాటు పాత భవనాల మరమ్మతును కూడా మీ ప్రాక్టీసులో చేర్చుకోండి. పెచ్చులూడిన స్లాబును కూల్చకుండా శాస్త్రీయంగా బాగుచేసి మరో ముప్పై ఏళ్లు నిలబెట్టడానికి ఈ నగరంలో పని అపారంగా ఉంది, చేసేవాళ్లు తక్కువ.

ఒప్పంద పత్రంలో ఒక షరతు తప్పకుండా రాయండి: గృహప్రవేశం తర్వాత మొదటి వేసవిలో ఒకసారి, మొదటి వానాకాలంలో ఒకసారి భవనాన్ని చూసే హక్కు మీకు ఉండాలి. వేసవిలో వెళ్లినప్పుడు పై అంతస్తు గదిలోనూ కింది అంతస్తు గదిలోనూ ఉష్ణోగ్రత, తేమ కొలిచే చిన్న పరికరాలు వారం రోజులు వదిలి, ఇంటివాళ్లు ఏ కిటికీలు తెరుస్తున్నారో, ఏవి బీరువా అడ్డం పెట్టి మూసేశారో అడిగి రాసుకోండి. వానలో వెళ్లినప్పుడు సన్‌షేడ్ అంచున నీటి చార గోడ మీదికి జారుతోందా, ఇంకుడు గుంతలోకి నీరు నిజంగా దిగుతోందా చూడండి. పన్నెండు నెలల కరెంటు బిల్లుల నకళ్లు తీసుకుని, ప్లాను గీసిననాడు మీరు వేసిన అంచనా పక్కన పెట్టి, తేడా వచ్చిన చోట కారణం రాసి ఆ ఫైలును తర్వాతి ప్రాజెక్టు మొదలుపెట్టే రోజు బల్ల మీద తెరిచి ఉంచండి.